మేఘంలో మంచు ఎలా పుడుతుంది? మీ ల్యాప్‌టాప్‌లోనే చేసి చూడండి

ఫ్రీజర్‌లో పెట్టిన మంచినీళ్ల సీసా ఒక్కోసారి గంటలు గడిచినా నీళ్లలాగే ఉంటుంది. బయటికి తీసి బల్ల మీద ఠక్కున ఆనిస్తే చాలు, మెడ దగ్గర నుంచి అడుగుదాకా మన కళ్ల ముందే తెల్లగా గడ్డకట్టుకుపోతుంది. ఈ వింత చూసినవాళ్లకు మేఘంలో జరిగేది సగం అర్థమైనట్టే. సున్నా డిగ్రీల దగ్గర నీరు మంచవుతుందని బడిలో చదువుకున్నాం. మేఘంలోని బొట్టు ఆ పాఠం వినదు. −20 డిగ్రీల దగ్గర కూడా చాలా మేఘాల్లో ఎక్కువ బొట్లు నీళ్లగానే తేలుతుంటాయి. లోపల ఏ మలినమూ లేని చిన్న బొట్టయితే −35 దాటాక గానీ తనంతట తాను గడ్డకట్టదు. అంతకంటే ముందే గడ్డకట్టాలంటే లోపల ఒక ధూళి రేణువో, ఒక బ్యాక్టీరియా ముక్కో ఉండాలి. దాన్నే మంచు బీజం అంటారు.

ఇది ఎక్కడో ధ్రువాల దగ్గరి సంగతి అనుకోకండి. వానాకాలంలో మన నెత్తిమీద సున్నా డిగ్రీల మట్టం సుమారు 5 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఉరుముల మేఘాలు దాన్ని దాటి ఎంతో పైకి లేస్తాయి. ఎండాకాలం మొదట్లో తెలంగాణలో మామిడి పిందెలను రాల్చేసే వడగళ్లు ఆ చల్లటి భాగంలోనే తయారవుతాయి. మేఘమథనం పేరుతో సిల్వర్ అయోడైడ్‌ను మంచు బీజంగా చల్లడం వెనక ఉన్న లెక్క కూడా ఇదే. పుణెలోని ఐఐటీఎం (భారత ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ) 2009లో మొదలుపెట్టిన కైపీక్స్ ప్రయోగంలో విమానాలు హైదరాబాద్ కేంద్రంగా కూడా ఎగిరి మేఘాల్లోని బొట్లను, ధూళిని కొలిచాయి.

ఈ వ్యాసంలో మనం కట్టబోయేది ఒక చిన్న సిమ్యులేషన్. ఒక గాలి మూట నెమ్మదిగా పైకి లేస్తుంది, చల్లబడుతుంది, అందులోని బొట్లలో కొన్ని గడ్డకడతాయి, ఆ మంచు మిగతా బొట్ల నీటిని ఆవిరి రూపంలో లాగేసుకుని పెరుగుతుంది. దీన్ని పార్సెల్ మోడల్ అంటారు. కావలసినవి పైథాన్, నంపై, మ్యాట్‌ప్లాట్‌లిబ్. ఇంటర్ స్థాయి ఫిజిక్స్ చాలు. సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు, మామూలు ల్యాప్‌టాప్‌లో సెకన్లలో పూర్తవుతుంది.

మొదటి అడుగు: రెండు ఆవిరి పీడనాలు

మొత్తం కథ ఈ రెండు గీతల మధ్య ఉన్న తేడా మీదే నడుస్తుంది. ఒకే ఉష్ణోగ్రత దగ్గర నీటి మీద ఉండే సంతృప్త ఆవిరి పీడనం ఎక్కువ, మంచు మీద తక్కువ. మర్ఫీ, కూప్ అనే శాస్త్రవేత్తలు 2005లో ఇచ్చిన సూత్రాలు వాడండి. టి అంటే కెల్విన్‌లో ఉష్ణోగ్రత, లాగ్ అంటే సహజ లాగరిథమ్, జవాబు పాస్కల్స్‌లో వస్తుంది.

మంచు మీద: లాగ్(పీడనం) = 9.550426 − 5723.265/టి + 3.53068 × లాగ్(టి) − 0.00728332 × టి

నీటి మీద: లాగ్(పీడనం) = 54.842763 − 6763.22/టి − 4.210 × లాగ్(టి) + 0.000367 × టి + టాన్‌హెచ్(0.0415 × (టి − 218.8)) × (53.878 − 1331.22/టి − 9.44523 × లాగ్(టి) + 0.014025 × టి)

రెంటినీ రెండు ఫంక్షన్లుగా రాసి, ముందుకు కదలకుండా అక్కడే ఆగి పరీక్షించండి. −10 డిగ్రీల దగ్గర నీటి మీద సుమారు 286, మంచు మీద సుమారు 260 రావాలి. −20 దగ్గర 125, 103 రావాలి. అంటే −20 దగ్గర నీటి బొట్టుకు సరిగ్గా సరిపోయే గాలిలో, మంచు స్ఫటికానికి 21 శాతం పైగా ఆవిరి అదనంగా ఉన్నట్టు లెక్క. బొట్టుకు అది సరిపెట్టుకునే పూట, స్ఫటికానికి పెళ్లి భోజనం. ఈ అంకెలు రాకపోతే పదింట తొమ్మిది సార్లు సెల్సియస్‌ను కెల్విన్ అనుకుని పంపినట్టే.

రెండో అడుగు: గాలి మూటను పైకి లేపండి

మొదట మంచు సంగతి పక్కన పెట్టి, ఉత్త నీటి మేఘాన్ని సరిగ్గా నడపాలి. మొదలు: పీడనం 700 హెక్టోపాస్కల్స్ (అంటే 70,000 పాస్కల్స్), ఉష్ణోగ్రత −10 డిగ్రీలు, ఒక్కో ఘన సెంటీమీటరుకు 100 బొట్లు, ఒక్కో బొట్టు వ్యాసార్థం 10 మైక్రాన్లు. ఇలా పెడితే ఘన మీటరు గాలిలో సుమారు 0.42 గ్రాముల నీరు ఉంటుంది. నిజమైన మేఘాల్లో మామూలుగా కనిపించే మోతాదే ఇది. గాలి సెకనుకు 1 మీటరు వేగంతో లేస్తుందనుకుందాం. టైమ్ స్టెప్ 1 సెకను.

లూప్‌లో ప్రతి సెకనుకూ జరగాల్సింది ఈ వరసలో: ఎత్తు ఒక మీటరు పెరుగుతుంది. ఆ మేరకు పీడనం తగ్గుతుంది (గాలి సాంద్రత × 9.81 × ఎత్తులో మార్పు). ఉష్ణోగ్రత 9.81 ÷ 1005 డిగ్రీల చొప్పున, అంటే మీటరుకు 0.0098 డిగ్రీ తగ్గుతుంది. చల్లబడ్డ గాలి మోయలేని ఆవిరి బొట్ల మీద చేరుతుంది, చేరినప్పుడు గుప్తోష్ణం విడుదలై గాలిని కొంచెం వేడి చేస్తుంది.

ఆ చివరి మాట దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. మిగిలిన ఆవిరినంతా ఒకేసారి నీరుగా మార్చేస్తే, ఆ వేడికి గాలి మళ్లీ ఆవిరిని మోయగలిగి, తరవాతి స్టెప్‌లో బొట్లు ఆవిరై, ఆ పై స్టెప్‌లో మళ్లీ చేరి, గ్రాఫ్ రంపపు పళ్లలా తయారవుతుంది. అదనపు ఆవిరిని 1 + (గుప్తోష్ణం² × సంతృప్త ఆవిరి నిష్పత్తి) ÷ (1005 × 461.5 × టి²) తో భాగించి, అంతే నీరుగా మార్చండి. గుప్తోష్ణం కిలోకు 25 లక్షల జౌల్స్. సంతృప్త ఆవిరి నిష్పత్తి అంటే 0.622 × ఆవిరి పీడనం ÷ (మొత్తం పీడనం − ఆవిరి పీడనం).

పరీక్ష: మూట లేవడం మొదలుపెట్టినప్పుడు కిలోమీటరుకు సుమారు 7.1 డిగ్రీల చొప్పున చల్లబడాలి. −30 దగ్గరికి వచ్చేసరికి అది 8.7 దాకా పెరగాలి, ఎందుకంటే అక్కడ విడుదల చేయడానికి ఆవిరే పెద్దగా మిగలదు. −10 నుంచి −30 దాకా వెళ్లడానికి దాదాపు రెండున్నర కిలోమీటర్లు, నలభై నిమిషాల ప్రయాణం. మీ కోడ్‌లో అంతటా 9.8 వస్తుంటే గుప్తోష్ణం కలపడం మరిచారు.

మూడో అడుగు: ఏ బొట్టు ఎప్పుడు గడ్డకడుతుంది?

ఇక్కడ నింపాదిగా ఉండండి. ఈ పనిలో ప్రాణమంతా ఈ అడుగులోనే ఉంది.

మేఘం మొత్తానికి ఒక గడ్డకట్టే ఉష్ణోగ్రత ఉండదు. ఒక్కో బొట్టుకు ఒక్కోటి ఉంటుంది. బొట్టు లోపలి ధూళి రేణువు ఉపరితలం మీద ఎక్కడో ఒక చిన్న చోటు, నీటి అణువులు మంచు వరసలో కుదురుకోవడానికి అనువుగా ఉంటుంది. అలాంటి చోట్లు వెచ్చగా ఉన్నప్పుడు పనిచేసేవి అరుదు, చల్లబడేకొద్దీ పనిచేసేవి పెరుగుతాయి. జర్మనీలోని కార్ల్స్‌రూహెలో ఐడా అనే 84 ఘన మీటర్ల మేఘ గదిలో ఎడారి ధూళి మీద చేసిన కొలతల నుంచి నీమాండ్ బృందం 2012లో ఒక సూత్రం ఇచ్చింది:

చదరపు మీటరుకు చురుకైన చోట్లు = ఎక్స్‌ప్(8.934 − 0.517 × సెల్సియస్ ఉష్ణోగ్రత)

ఇది −12 నుంచి −36 డిగ్రీల దాకా చెల్లుతుంది. ఉష్ణోగ్రత రుణ సంఖ్య కాబట్టి చల్లబడేకొద్దీ విలువ పెరుగుతుంది. రేణువు ఉపరితలంతో దీన్ని గుణిస్తే ఒక రేణువు మీద సగటున ఎన్ని చురుకైన చోట్లు ఉన్నాయో వస్తుంది. ఆ సంఖ్యను ఎక్స్ అనుకుంటే, బొట్టు గడ్డకట్టి ఉండే సంభావ్యత 1 − ఎక్స్‌ప్(−ఎక్స్).

ఒక రేణువును దగ్గరగా చూద్దాం. వ్యాసం 1 మైక్రాన్ అనుకోండి. ఉపరితలం 3.14 × 10⁻¹² చదరపు మీటర్లు. −15 డిగ్రీల దగ్గర అలాంటి రేణువులు 18,000 ఉంటే ఒక్కటే మంచు పుట్టిస్తుంది. −20 దగ్గర సుమారు 1,350లో ఒకటి. −25 దగ్గర వందలో ఒకటి. −30 దగ్గర ఎనిమిదింట ఒకటి. సగం రేణువులు పనిచేయాలంటే −33.2 దాకా వెళ్లాలి. ఐదు డిగ్రీలు చల్లబడితే పదమూడు రెట్లు పెరుగుదల. థర్మామీటర్ ఒక డిగ్రీ తప్పు చూపిస్తే మంచు లెక్క ఎందుకు తలకిందులవుతుందో దీన్నిబట్టి మీకే తెలుస్తుంది.

ఇప్పుడు దీన్ని కోడ్‌లో పెట్టాలి. పుస్తకాల్లో కనిపించే పద్ధతి తేలికైనది: ఒక్కో బొట్టుకు 0, 1 మధ్య ఒక ర్యాండమ్ నంబర్ తీయండి, దాన్ని సంభావ్యత అనుకుని సూత్రాన్ని వెనక్కి తిప్పి ఆ బొట్టు గడ్డకట్టే ఉష్ణోగ్రతను మొదట్లోనే రాసిపెట్టేయండి. నంబర్ 0.5 వస్తే −33.2, నంబర్ 0.001 వస్తే −20.6. మూట ఆ ఉష్ణోగ్రత దాటగానే బొట్టు మంచవుతుంది. ప్రతి బొట్టూ తన ఘడియ నొసటన రాసుకుని పుట్టినట్టు.

పద్ధతి సరైనదే, కానీ దీనితో నేను దాదాపు వారం రోజులు పోగొట్టుకున్నాను. ధూళి ఉన్న బొట్లు 1,000 తీసుకుని మూటను −20 దగ్గర ఆపాను. ఒకసారి నడిపితే రెండు బొట్లు గడ్డకట్టాయి. ఇంకోసారి ఒక్కటీ లేదు. మళ్లీ ఒకటి. కోడ్‌లో ఎక్కడో బగ్ ఉందని టెన్షన్ పడి, ప్రతి లైనూ తిరగేశాను. బగ్ లేదు. 1,350లో ఒకటి గడ్డకట్టే చోట 1,000 బొట్లు తీసుకుంటే, సగటు 0.74. అలాంటప్పుడు దాదాపు సగం సార్లు ఒక్కటీ గడ్డకట్టకపోవడమే సరైన జవాబు. అరుదైన సంగతిని పట్టుకోవడానికి నేను వేసిన వల చాలా చిన్నది, అంతే.

అందుకే మీకు నా సలహా ఇది. ర్యాండమ్‌గా తీయడానికి బదులు, −12 నుంచి −36 దాకా ఉన్న ఉష్ణోగ్రతను 0.1 డిగ్రీ చొప్పున 240 మెట్లుగా కోయండి. ఒక్కో మెట్టుకు ఒక ప్రతినిధి బొట్టు. ఆ ప్రతినిధి వెనక ఎన్ని నిజమైన బొట్లు ఉన్నాయంటే: ధూళి బొట్ల మొత్తం సంఖ్య × (మెట్టు కింది అంచు దగ్గర సంభావ్యత − పై అంచు దగ్గర సంభావ్యత). ఇలా చేస్తే −15 దగ్గరి అత్యంత అరుదైన బొట్టుకు కూడా మీ లెక్కలో ఒక కుర్చీ దొరుకుతుంది, దాని బరువు మాత్రం ఉన్నంతే ఉంటుంది. నడిపిన ప్రతిసారీ ఒకే జవాబు వస్తుంది.

ధూళి ఎంత పెట్టాలి? ఘన సెంటీమీటరుకు 1 రేణువు, అంటే లీటరుకు 1,000, పెట్టి చూడండి. −20 దగ్గర లీటరుకు 0.74 స్ఫటికాలు రావాలి. 100 బొట్లలో ఒక్కదానిలోనే ధూళి ఉంది, ఆ ఒక్కటీ 1,350కి ఒకటి చొప్పునే గడ్డకడుతోంది. అంటే లక్షా ముప్పై అయిదు వేల బొట్లకు ఒక స్ఫటికం! అయినా మేఘం తలరాత మార్చడానికి ఒక్కోసారి ఆ కొద్దిపాటివే చాలు. ఎలాగో తరవాతి అడుగులో చూస్తారు.

ఒక హెచ్చరిక. ఈ పద్ధతిలో కాలానికి చోటు లేదు. మూటను −20 దగ్గర గంటసేపు ఆపినా కొత్తగా ఒక్క స్ఫటికమూ పుట్టదు. నిజానికి గడ్డకట్టడంలో కాలానికీ వాటా ఉంది. చురుకైన చోటు దగ్గర అణువులు కుదురుకోవడం అనేది నిరంతరం జరిగే జూదం, ఎంతసేపు ఆడితే గెలిచే అవకాశం అంత ఎక్కువ. ఎడతెగకుండా పైకి లేచే మూటకు పై పద్ధతి సరిపోతుంది. ఒకే ఎత్తులో గంటల తరబడి నిలిచే పలుచటి మేఘాలను చేయాలనుకుంటే మాత్రం కాలం ఉన్న పద్ధతి తీసుకోండి: ప్రతి స్టెప్‌లో సంభావ్యత 1 − ఎక్స్‌ప్(−రేటు × ఉపరితలం × టైమ్ స్టెప్). రేటు అంటే ధూళి ఉపరితలం మీద చదరపు మీటరుకు, సెకనుకు మంచు పుట్టే వేగం.

ధూళి లేకుండా బొట్టు తనంతట తాను గడ్డకట్టడం: −30 దగ్గర ఆపేస్తే ఇది అవసరం లేదు. ఇంకా పైకి వెళ్తే కూప్ బృందం 2000లో ఇచ్చిన సూత్రం పెట్టండి. తేడా = 1 − (మంచు మీద పీడనం ÷ నీటి మీద పీడనం). 10 ఆధారంగా లాగ్(రేటు) = −906.7 + 8502 × తేడా − 26924 × తేడా² + 29180 × తేడా³. రేటు ఘన సెంటీమీటరుకు, సెకనుకు. దాన్ని బొట్టు ఘనపరిమాణంతో గుణించండి. మన 10 మైక్రాన్ల బొట్టు −35 దగ్గర సగటున ఐదు నిమిషాలు ఆగుతుంది. −37 దగ్గర పావు సెకను కూడా ఆగదు. అందుకే ఈ సూత్రం పనిచేసే చోట టైమ్ స్టెప్‌ను 0.1 సెకనుకు తగ్గించాలి. లేకపోతే ఒక్క స్టెప్‌లో మేఘమంతా మంచైపోయి, విడుదలైన వేడికి ఉష్ణోగ్రత ఎగిరి పడుతుంది.

నాలుగో అడుగు: స్ఫటికాన్ని పెంచండి

ద్రవ్యరాశి పెరిగే వేగం = 4 × 3.1416 × వ్యాసార్థం × (మంచు మీద అతిసంతృప్తత) ÷ (వేడి అడ్డు + ఆవిరి అడ్డు)

అతిసంతృప్తత = (గాలిలోని ఆవిరి పీడనం ÷ మంచు మీద పీడనం) − 1. వేడి అడ్డు = (మంచు గుప్తోష్ణం ÷ (461.5 × టి) − 1) × మంచు గుప్తోష్ణం ÷ (గాలి ఉష్ణవాహకత × టి). ఆవిరి అడ్డు = 461.5 × టి ÷ (మంచు మీద పీడనం × ఆవిరి వ్యాపన గుణకం). మంచు గుప్తోష్ణం కిలోకు 28.35 లక్షల జౌల్స్. ఉష్ణవాహకత 0.0228, వ్యాపన గుణకం 700 హెక్టోపాస్కల్స్ దగ్గర సుమారు 2.7 × 10⁻⁵. పీడనం తగ్గేకొద్దీ వ్యాపన గుణకం పెరుగుతుందని మరవకండి. స్ఫటికాన్ని గోళం అనుకుంటున్నాం. నిజమైన స్ఫటికాలు −15 దగ్గర ఆరు రేకుల పువ్వుల్లా, −5 దగ్గర సూదుల్లా పెరుగుతాయి. మొదటిసారికి గోళం చాలు.

పరీక్షకు ఒక స్ఫటికాన్ని విడిగా తీసుకోండి. −15 డిగ్రీలు, 700 హెక్టోపాస్కల్స్, వ్యాసార్థం 50 మైక్రాన్లు, చుట్టూ నీటి బొట్లున్నాయి కాబట్టి గాలి నీటికి సంతృప్తం, మంచుకు అతిసంతృప్తత 0.157. వేగం సెకనుకు సుమారు 2.6 × 10⁻¹² కిలోలు రావాలి. పక్కన తేలుతున్న ఒక్కో నీటి బొట్టు బరువు 4.2 × 10⁻¹² కిలోలు. అంటే ఈ చిన్న స్ఫటికం రెండు సెకన్లు తిరగకుండానే ఒక నిండు బొట్టంత నీటిని మింగుతోంది. బొట్టును తాకనైనా తాకదు. గాలిలోని ఆవిరిని లాగేస్తుంది, ఆ లోటు తీర్చడానికి బొట్టు తనంతట తాను ఆవిరవుతుంది. వెగెనర్, బెర్జెరాన్, ఫిండైసన్ చెప్పిన ప్రక్రియ ఇదే.

కోడ్‌లో వరస ముఖ్యం. ముందు స్ఫటికాలన్నీ తినే ఆవిరిని ఆవిరి ఖాతాలోంచి తీసివేయండి, ఆ వేడిని గాలికి కలపండి, ఆ తరవాతే రెండో అడుగులోని సర్దుబాటు (అదనపు ఆవిరిని నీరుగా మార్చే లెక్క) చేయండి. అప్పుడు లోటు వస్తే బొట్లు ఆవిరై పూడుస్తాయి. నీరు మొత్తం అయిపోతే సర్దుబాటు ఆపేయాలి. ఆ లైను పెట్టకపోతే నీటి ద్రవ్యరాశి రుణ సంఖ్యల్లోకి దిగిపోతుంది. బొట్టు గడ్డకట్టిన క్షణంలో విడుదలయ్యే వేడిని కూడా కలపండి. చిన్నదే, కానీ ఖాతా ఖాతాయే.

ఇప్పుడు పోటీ చూడండి. లీటరుకు ఒక్క స్ఫటికమే ఉండి, అది 50 మైక్రాన్ల దగ్గరే ఉండిపోయిందనుకుంటే, ఘన మీటరులోని 0.42 గ్రాముల నీటిని తినడానికి దాదాపు 44 గంటలు పడుతుంది. లీటరుకు 100 ఉంటే అరగంటలోపే. స్ఫటికాలు పెరుగుతాయి కాబట్టి అసలు లెక్క ఇంకా వేగంగా ఉంటుంది. అటువైపు, పైకి లేస్తున్న గాలి ప్రతి కిలోమీటరు ఎత్తుకూ ఘన మీటరుకు సుమారు 0.8 గ్రాముల కొత్త నీటిని తెచ్చిపోస్తూ ఉంటుంది. లేచే వేగం ఎక్కువైతే బొట్లు బతికిపోతాయి, తక్కువైతే మంచు గెలుస్తుంది. మీ గ్రాఫ్‌లో ఒకే పటం మీద నీరు నీలంలో, మంచు ఎరుపులో గీయండి.

ఐదో అడుగు: నమ్మేముందు తనిఖీ

మూడు తనిఖీలు చాలు. ఆవిరి, నీరు, మంచు మూడింటి మొత్తం (కిలో గాలికి ఇంత అని లెక్కిస్తే) మొదటి సెకను నుంచి చివరి సెకను దాకా మారకూడదు. చివరి దశాంశాల్లో తప్ప ఎక్కడ తేడా వచ్చినా కోడ్ తప్పే. రెండోది, మంచు పెరుగుదలను ఆపేసి గడ్డకట్టిన బొట్ల శాతాన్ని మాత్రమే గీయండి. అది సూత్రపు గీత మీద సరిగ్గా కూర్చోవాలి. మూడోది, టైమ్ స్టెప్ సగం చేసి మళ్లీ నడపండి. జవాబు కదిలితే ఇంకా సగం చేయండి.

ఆరో అడుగు: ధూళి సూత్రం మార్చి చూడండి

కోడ్ సరిగ్గా నడిచాక చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. దయచేసి ఆపకండి. మీరు వాడిన ధూళి సూత్రం ఒక్కటే కాదు, ఇంకా ఎన్నో ఉన్నాయి. మూడు మీకు ఇస్తున్నాను. చలి అంటే సున్నా కంటే ఎన్ని డిగ్రీలు తక్కువో ఆ సంఖ్య. జవాబు లీటరుకు స్ఫటికాల్లో.

ఫ్లెచర్, 1962: 0.00001 × ఎక్స్‌ప్(0.6 × చలి)
కూపర్, 1986: 0.005 × ఎక్స్‌ప్(0.304 × చలి)
డిమాట్ బృందం, 2010: 0.0000594 × చలి^3.33 × ధూళి^(0.0264 × చలి + 0.0033), ధూళి అంటే ఘన సెంటీమీటరుకు అర మైక్రాన్ కంటే పెద్ద రేణువులు ఎన్నో

−20 దగ్గర ఫ్లెచర్ 1.6 ఇస్తుంది. కూపర్ 2.2. డిమాట్, ధూళి 1 అనుకుంటే, 1.3. మన నీమాండ్ లెక్క 0.74. నలుగురూ దాదాపు ఒకే మాట చెబుతున్నారు, హాయిగా ఉంది. ఇప్పుడు −30కి వెళ్లండి. డిమాట్ 5 అంటుంది. కూపర్ 46. నీమాండ్ 120. ఫ్లెచర్ 650 పైన. ఒకే మేఘం, ఒకే చలి, నూట ముప్పై రెట్ల తేడా! ఒక సూత్రం అచ్చమైన ఎడారి ధూళి నుంచి వచ్చింది, ఇంకోటి రకరకాల చోట్ల విమానాలు పట్టిన గాలి నుంచి వచ్చింది, మరోటి అరవై ఏళ్ల కిందటి కొలతల నుంచి వచ్చింది. వెచ్చటి చోట కలిసిన గీతలు చల్లటి చోటికి వచ్చేసరికి ఎవరి దారిన వారు పోయాయి.

నాలుగింటినీ ఒకే పటం మీద నడిపి చూడండి. డిమాట్‌తో −30 దగ్గర కూడా మేఘంలో నీరు మిగిలే ఉంటుంది, ఫ్లెచర్‌తో మేఘం అంతకంటే ముందే మంచుగా మారే దారి పడుతుంది. అందువల్ల మీ ఫలితం ఎవరికైనా చూపించేటప్పుడు ఏ సూత్రం వాడారో, ధూళి ఎంత పెట్టారో గ్రాఫ్ మీదే రాయండి. ఆ రెండు మాటలు లేని మంచు గ్రాఫ్‌ను నేను నమ్మను, మీరూ నమ్మకండి.

పెద్ద మోడళ్లకూ ఈ బాధ తప్పలేదు. 2004 శరత్కాలంలో అలాస్కా ఉత్తర తీరం దగ్గర ఎం-పేస్ అనే ప్రయోగంలో, విమానాలు నీరూ మంచూ కలిసి ఉన్న ఒక పలుచటి మేఘపు పొరను వివరంగా కొలిచాయి. ఆ తరవాత 26 మోడళ్లను అదే మేఘం మీద పరీక్షకు పెట్టారు. 2009లో వచ్చిన ఫలితాల ప్రకారం, మోడళ్లు చూపించిన నీరు కొలిచిన దాంట్లో మధ్యస్థంగా మూడో వంతు మాత్రమే. మంచు బొట్లను తినే వేగం తప్పితే మేఘమే పలచబడిపోతుందన్నమాట.

ఆ తరవాత

మన మూటలో లేనివి చాలా ఉన్నాయి. స్ఫటికాలు కిందికి పడవు, ఒకదానికొకటి తగలవు. ఒక ముఖ్యమైన సంగతి మాత్రం చెప్పాలి. హాలెట్, మోసప్ 1974లో ఒక సంగతి చూపించారు. −3, −8 డిగ్రీల మధ్య, గడ్డకట్టే బొట్లు మంచు ముక్కకు అంటుకునేటప్పుడు కొత్త మంచు తునకలు రాలతాయి, −5 దగ్గర మిల్లీగ్రాము మంచుకు సుమారు 350 చొప్పున. మన మూట −10 దగ్గర మొదలైంది కాబట్టి ఇది తగలదు. పడే స్ఫటికాలున్న నిలువు స్తంభం మోడల్ కట్టినప్పుడు కలపండి. మన ప్రాంతపు ఉరుముల మేఘాలను చేయాలంటే ఇది లేకుండా కుదరదు.

సొంతంగా ఇంతదాకా కట్టినవారికి తరవాతి మెట్టుగా పైఎస్‌డీఎం అనే ఉచిత పైథాన్ లైబ్రరీ బాగుంటుంది. అందులోనూ ప్రతినిధి బొట్ల పద్ధతే, గడ్డకట్టడం రెండు రకాలుగానూ (కాలం లేకుండా, కాలంతోనూ) ఉంది. వాతావరణ అంచనాల మోడల్ డబ్ల్యూఆర్ఎఫ్ వాడేవారు తమ సెట్టింగ్స్‌లో మైక్రోఫిజిక్స్ నంబర్ 8 (థాంప్సన్) లేదా 10 (మోరిసన్) ఉంటే, ఆ కోడ్ ఫైలు తెరిచి కూపర్ సూత్రం ఎక్కడుందో వెతకండి. 0.304 కనిపించగానే అది మీకు పాత పరిచయమే.

ఈలోగా చేయాల్సిన పని ఒకటుంది. గాలి లేచే వేగాన్ని 1 నుంచి 0.2కు తగ్గించండి. ధూళిని పది రెట్లు చేయండి. చివరి నీటి బొట్టు ఏ ఉష్ణోగ్రత దగ్గర మాయమైందో ఆ అంకెను గ్రాఫ్ మూలలో రాసి, ఫైలును ఆ పేరుతోనే సేవ్ చేసుకోండి. తరవాత వేగం 0.5, 2, 5 పెట్టి మళ్లీ నడపండి.